తెరుచుకోని గడి

"సంతకం పెట్టేస్తాను," అంది మారిట్. "మీరు వచ్చినందుకు సంతోషమే గానీ, నాకిక ఓపిక లేదు మేడమ్."

డిటెక్టివ్ వెర్నా కాలియో కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. కౌంటీ జైల్లోని ఆ చిన్న గదిలో హీటరు గురక పెడుతోంది తప్ప వేడి ఇవ్వడం లేదు. బల్ల మీద ప్రాసిక్యూటర్ పంపిన కాగితం ఉంది. మేనత్తను చంపానని ఒప్పుకుంటే పదిహేనేళ్ళు. ఒప్పుకోకపోతే విచారణ, ఆ తర్వాత బహుశా జీవితాంతం. గడువు ఆ మధ్యాహ్నం రెండు గంటలు. లాయరు తలుపు బయట ఫోన్లో మరో కేసు గురించి మాట్లాడుకుంటున్నాడు.

"నువ్వు చంపావా?"

"లేదు."

"మరి సంతకం దేనికి?"

"అత్త లెక్కల నకలున్న పెన్ డ్రైవ్ నా కోటు జేబులో దొరికింది. ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. జ్యూరీకి అది చాలని లాయరే అన్నాడు. నాకు ముప్పై నాలుగు. సంతకం పెడితే నలభై తొమ్మిదికి బయటపడతాను. పెట్టకపోతే అసలు పడను. లెక్క తేలికే కదా."

వెర్నా కళ్ళు నులుముకుంది. ఈ కేసు మొదట ఆమెదే. అక్టోబరులో మారిట్ మేనత్త ఆర్డిస్ మోయెన్ తన ఇంటి నేలమాళిగ మెట్ల కింద చచ్చి పడి ఉందని కబురొస్తే ముందుగా వెళ్ళింది ఆమే. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మెట్లు జారి ఉంటుందనుకున్నారు. చేతి మీద ఎవరో గట్టిగా పట్టుకున్న కమిలిన గుర్తులున్నాయని డాక్టరు తేల్చాక సంగతి మారింది.

ఆ తర్వాత డబ్బు సంగతి బయటపడింది. ఆర్డిస్ ఇరవై ఆరేళ్ళుగా మంగళవారం క్లబ్బుకు కోశాధికారి. పద్ధెనిమిది మంది సభ్యులు. నెలకు తలా వంద డాలర్లు వేసి, చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ, ఏ కంపెనీ షేర్లు కొనాలో చేతులెత్తి తేల్చుకునే పెద్దవాళ్ళు. లెక్కంతా ఆర్డిస్ స్ప్రెడ్‌షీట్‌లో ఉండేది. సెప్టెంబరు సమావేశం అయిన వెంటనే ఎవరో క్లబ్బు ఖాతాలోకి వెళ్ళారు. ఏళ్ళ తరబడి దాచుకున్న మంచి షేర్లు అమ్మి, ఎవరూ పేరు వినని ఒక మందుల కంపెనీ షేర్లు కొన్నారు. రెండు వారాల్లో ఆ కంపెనీ కుప్పకూలింది. ఎనభై నాలుగు వేల డాలర్లు గాలికి పోయాయి.

డబ్బు మాట వినబడగానే రాజధాని నుంచి ఆర్థిక నేరాల అధికారి గ్రాంట్ టెలీన్ దిగాడు. కేసు అతని చేతికి పోయింది. వెర్నాకు మిగిలింది అట్టపెట్టెలు మోయడం.

"మీ అత్త షీట్ ఎలా చేసేదో చెప్పు," అంది వెర్నా.

మారిట్ అలసటగా చూసింది. "ఇప్పుడెందుకు?"

"ఊరికే చెప్పమ్మా. రెండింటిదాకా నీకు వేరే పనేముంది?"

మారిట్‌కు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "నీలం, నలుపు. చేత్తో కొట్టిన అంకె నీలం రంగులో ఉండాలి. ఫార్ములా వేసి తెచ్చింది నలుపు. నలుపు గడిలో వేలు పెడితే అత్త చెయ్యి విరిచేది. నాకూ అదే అలవాటు చేసింది. లారీల కంపెనీలో పదకొండేళ్ళ నుంచి నాకు రోజంతా అదే పని కదా."

"పెన్ డ్రైవ్‌లో దొరికింది సెప్టెంబరు షీట్. ఆ నెల్లో ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా?"

"క్లబ్బు మొత్తం పది లక్షల డాలర్లు దాటింది. కేకు కోశారు. అత్త మాత్రం మొహం మాడ్చుకుని వచ్చింది."

"అదేం?"

"మొత్తం రావలసిన గడిలో అంకె బదులు దడి కట్టినట్టు వరసగా '#' గుర్తులు అచ్చయ్యాయి. గడి ఇరుకైతే అంతే, అంకె పట్టక అవి పడతాయి. ఇన్నేళ్ళూ ఆరంకెలే కదా, ఏడో అంకె వచ్చేసరికి చోటు చాలలేదు. తెరమీద అత్త చూసుకోలేదు. ఎవరో ముసలాయన 'ఏమిటమ్మా ఆర్డిస్, మా డబ్బుకి కంచె వేశావా?' అన్నాడట. అందరూ నవ్వారు. బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కరి కాగితం మీదా పెన్నుతో అంకె రాసిచ్చింది. ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా కిందికి పోయి గడి వెడల్పు చేసింది."

వెర్నా తన ఫోల్డరు తెరిచింది. పెన్ డ్రైవ్ ఫైలుకు తీసిన ప్రింటు కాగితం అందులో ఉంది. అట్టడుగున, మొత్తం ఉండవలసిన చోట, ఎనిమిది దడి గుర్తులు. ఈ కాగితాన్ని ఆమె ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. ఒక్కసారైనా అక్కడ ఆగలేదు.

ఆమె లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"రెండింటిదాకా పెన్ను పట్టుకోకు."

"ఆశ పెట్టకండి మేడమ్," అంది మారిట్. "అదింకా అలసట."

* * *

ఆర్డిస్ ఇంటి నేలమాళిగలో టెలీన్ ఒక్కడే ఉన్నాడు. కేసు ముగుస్తోంది కాబట్టి సామాన్లు పెట్టెలకెత్తుతున్నాడు. ఒక పక్క బట్టలుతికే యంత్రం, దాని పక్కన ఆర్డిస్ బల్ల, కంప్యూటరు, గోడకు నెలల వారీగా పేర్చిన బైండర్లు. కీబోర్డు కింద అతికించిన చీటీ మీద క్లబ్బు ఖాతా పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉంది. ఇంటికి వచ్చిపోయే ఎవరికైనా కనబడుతుంది.

"రండి కాలియో గారూ," అన్నాడు టెలీన్. "వీడ్కోలు చెప్పడానికా? వేసవికి రిటైరవుతున్నారటగా. చేపల గాలాలు కొనుక్కున్నారా?"

"గాలం ఉంది. ఎర కోసం వచ్చాను. పెన్ డ్రైవ్ ఫైలు నీ లాప్‌టాప్‌లో ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"తెరువు."

"మా వాళ్ళు చూశారు. అందులో ఉన్నది క్లబ్బు షీటే. కింద ఆ దొంగ లావాదేవీ మారిట్ రాసుకుంది. పక్కన 'ఎం' అని తన అక్షరం కూడా వేసుకుంది. ఖాతాలోకి వెళ్ళింది ఈ ఇంటి ఇంటర్నెట్ నుంచే. పెన్ డ్రైవ్ జేబులో దాస్తుండగా పక్కింటి కోరిన్ గారు కళ్ళారా చూశారు. ఇంకేం కావాలి మీకు?"

"మీ వాళ్ళు ఫైలు చూశారా, కాగితం చూశారా?"

టెలీన్ చేతిలోని పెట్టె కింద పెట్టాడు. "కాగితమే చూశారనుకోండి. అంకెలు అవే కదా."

"నేను మూడేళ్ళుగా రాత్రి భోజనమయ్యాక ఒక షీట్ తెరుస్తాను," అంది వెర్నా కుర్చీ లాక్కుంటూ. "నేనెప్పుడు ఉద్యోగం మానొచ్చో చెప్పే షీట్. పైన ఇంటి ఖర్చు వంద తగ్గిస్తే కింద సంవత్సరం మారుతుంది. కొన్ని రాత్రులు అబద్ధపు ఖర్చులు వేసి చూసుకుంటాను, తొందరగా మానేయొచ్చేమోనని. అలసిపోయినవాళ్ళ జూదం అది. తెరవవయ్యా."

అతను తెరిచాడు. అదే వరస, అవే కంపెనీలు, అవే ధరలు. మొదటి కంపెనీ షేర్ల సంఖ్య నూట నలభై. వెర్నా దాన్ని చెరిపి ఒకటి అని కొట్టింది.

కింద ఏదీ కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు టెలీన్.

"అదే అడుగుతున్నా. షేర్లు ఒకటికి పడిపోతే వాటి విలువ పడాలిగా. పడలేదే?" ఆమె పక్క గడి మీద నొక్కింది. ఫార్ములా ఉండవలసిన చోట ఉత్త అంకె. ఆ పక్కది కూడా అంతే. ఆ కిందిదీ అంతే. "ఒక్క ఫార్ములా లేదు. ప్రతి అంకె వేలితో కొట్టిందే. ఇది షీట్ కాదు టెలీన్, షీట్‌కి తీసిన బొమ్మ."

"ఫైలు నకలు తీసేటప్పుడు ఫార్ములాలు పోతాయి. కావాలంటే అంకెలు మాత్రమే అతికించుకోవచ్చు. అది పెద్ద విషయం కాదు."

"సరే. ఇప్పుడు ఆ దడి గుర్తుల గడి వెడల్పు చెయ్యి."

అతను విసుగ్గా మౌస్ పట్టుకుని గడి అంచును పక్కకు లాగాడు. గడి వెడల్పయింది. దడి గుర్తులు ఎనిమిదే ఉన్నాయి, అలాగే ఉన్నాయి. ఇంకా లాగాడు. అరచెయ్యంత ఖాళీలో ఒక మూలకు నక్కి అవే ఎనిమిది.

వెర్నా ఆర్డిస్ కంప్యూటరు తెరిచి అసలు సెప్టెంబరు షీట్ తీసింది. మొత్తం ఉన్న గడిని ఇరుకు చేసింది. అంకె మాయమై దడి గుర్తులు వచ్చాయి. వెడల్పు చేసింది. దడి తొలగి పది లక్షల చిల్లర మొత్తం మళ్ళీ కనబడింది.

"చూశావా? ఇది ఇరుకైతే మూసుకుంటుంది, వెడల్పైతే తెరుచుకుంటుంది. నీది తెరుచుకోదు. ఎందుకంటే నీ గడిలో అంకె లేదు. ఎవరో ఆ గుర్తుల్నే ఒక్కొక్కటిగా లెక్కపెట్టి కొట్టారు."

టెలీన్ మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగాడు. గడిని ఇరుకు చేశాడు, వెడల్పు చేశాడు. రెండోసారి నెమ్మదిగా చేశాడు. అతని మెడ ఎర్రబడింది.

"కాగితం చూసి కొట్టారు," అన్నాడు చివరికి.

"కాగితం చూసి కొట్టారు. ఆ గుర్తులకి అర్థమేమిటో తెలియని మనిషి. పదకొండేళ్ళు రోజంతా షీట్లలో బతికిన మారిట్ ఈ పని చేస్తుందా? ఆమెకి కాగితం దేనికి? ఫైలు ఈ గదిలోనే ఉంది. గడిని ఆర్డిస్ ఆ సాయంత్రమే వెడల్పు చేసేసింది కూడా."

"అయితే క్లబ్బులో ఎవరైనా కావచ్చు. అందరికీ అదే కాగితం ఇచ్చారుగా."

"ఇచ్చారు." వెర్నా బైండర్లలోంచి సెప్టెంబరుది తీసి అతని ముందు పెట్టింది. ఆర్డిస్ సొంత కాగితం. దడి గుర్తుల మీద పెన్నుతో అడ్డంగా కొట్టి, పైన పొందికైన అక్షరాల్లో అంకె రాసి ఉంది. "బల్ల దగ్గరున్న ప్రతి ఒక్కరి కాగితమూ ఇలాగే దిద్దింది. ఇలాంటిది చూసి కొట్టినవాళ్ళు అంకె కొడతారు, గుర్తులు కొట్టరు. దిద్దని కాగితం ఎవరి దగ్గరుంది? ఆ రోజు బల్ల దగ్గర లేనివాళ్ళెవరు?"

టెలీన్ గడియారం చూసుకున్నాడు. ఒంటి గంట దాటి చాలాసేపయింది. "పద్ధెనిమిది మందికి ఫోన్లు చెయ్యాలి. ప్రాసిక్యూటర్ ఒప్పుకోడు. నేను..."

పైన తలుపు కిర్రుమంది. బూట్లకంటిన మంచు దులుపుకుంటున్న చప్పుడు.

"ఎవరున్నారర్రా కింద? వెర్నా, నీ కారు చూశాను తల్లీ. మధ్యాహ్నం ఏమైనా తిన్నావా, లేక ఎప్పటిలాగే కాఫీతోనే బతుకుతున్నావా?"

పక్కింటి కోరిన్ ఆస్‌గార్డ్. డెబ్బై దాటిన మనిషి, క్లబ్బు మొదలైన రోజు నుంచీ సభ్యురాలు. ఆర్డిస్ పోయినప్పటి నుంచి పోలీసులెవరు వచ్చినా ఫ్లాస్కుతో కాఫీ, పళ్ళెంలో నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు తెస్తోంది. వెర్నా భర్త పోయిన వారం కూడా ఆవిడే గుమ్మంలో వంట పెట్టి వెళ్ళింది.

"ఇక్కడే ఉన్నాం కోరిన్ గారూ," అంది వెర్నా. "మీ సెప్టెంబరు కాగితం దాచుకున్నారా? క్లబ్బుది?"

"అదేం ప్రశ్నే? ఇరవై ఆరేళ్ళ కాగితాలూ వరసగా ఉన్నాయి. ఆర్డిస్ దగ్గరకంటే నా దగ్గరే శుభ్రంగా ఉంటాయి. ఉండు, పట్టుకొస్తా."

తలుపు మూసుకుంది. టెలీన్ ఏదో అనబోయాడు. వెర్నా వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆమె మొహంలో ఉత్సాహమేమీ లేదు. ఇంకొక బరువైన పెట్టె మొయ్యమన్నట్టు ఉంది.

కోరిన్ తిరిగొచ్చి మెట్లు దిగి, బైండరును బల్ల మీద పెట్టింది. ముందు పళ్ళెం మీది గుడ్డ తీసి, బార్లు టెలీన్ వైపు తోసింది. "తిను నాయనా, మరీ బక్కగా ఉన్నావు. మీ రాజధానిలో తిండి పెట్టరా ఏం?" ఆ తర్వాతే బైండరు తెరిచింది.

సెప్టెంబరు కాగితం తెల్లగా ఉంది. అట్టడుగున ఎనిమిది దడి గుర్తులు. పెన్ను తగలనేలేదు.

"దీని మీద ఆర్డిస్ ఏమీ రాయలేదే?" అంది వెర్నా.

"ఏం రాయాలి? ఆ రోజు నాకు కంటి ఆపరేషను కదా, మీటింగుకి వెళ్ళలేదు. పొద్దున్నే నా పోస్టు డబ్బాలో వేసి వెళ్ళింది పాపం."

టెలీన్ చేతిలో బారు అలాగే ఆగిపోయింది.

"ఈ గుర్తులు ఏమిటనుకున్నారు మీరు?"

కోరిన్ అద్దాలు సర్దుకుని చూసింది. "ఇవా? బ్యాంకువాళ్ళు ఖాతా నంబరు కనబడకుండా చుక్కలు పెడతారే, అలాంటివి. అందరికీ తెలియకూడని అంకె ఏదో ఆర్డిస్ దాచిందనుకున్నా. అది ఏం చేసినా కారణం ఉంటుందిగా. అందుకే ఉన్నదున్నట్టు..."

మాట అక్కడే తెగింది.

బట్టల యంత్రం పక్కన ఎక్కడో పైపులో నీళ్ళు కదిలాయి.

"ఉన్నదున్నట్టు ఏం చేశారు కోరిన్ గారూ?"

కోరిన్ బైండరు మూసింది. మళ్ళీ తెరిచింది. కాగితం అంచును వేలితో చదును చేసింది.

"మీ ఇంట్లో ఇంటర్నెట్ ఎవరిది?" అని అడిగింది వెర్నా.

"ఆర్డిస్‌దే," అంది కోరిన్ చిన్నగా. "మనవలతో మాట్లాడుకోమని ఇచ్చింది. వేరే కొనడం దండగ అంది."

టెలీన్ ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. జైలుకు కలపమని, ఆ లాయరును పిలవమని అతను గట్టిగా చెప్పడం ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

"ఇరవై ఆరేళ్ళు," అంది కోరిన్. "నేను చెప్పిన ఒక్క కంపెనీకీ ఒక్క చెయ్యి లేవలేదు. 'కోరిన్ మళ్ళీ మొదలెట్టిందర్రా' అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఈసారి అడగలేదంతే. నాలుగింతలు అవుతుందని తెలుసు నాకు. అయ్యాక మీటింగులో చెబుదామనుకున్నా. ఒక్క పైసా నేను తీసుకోలేదే వెర్నా. చూసుకో, అంతా క్లబ్బు ఖాతాలోనే ఉంది."

"ఉంది. పోయింది."

"పోయింది." ఆవిడ తల ఊపింది. "ఆర్డిస్‌ని బతిమాలాను. ఒక్క నెల, ఒక్క అంకె పాతదే ఉంచవే, షేరు మళ్ళీ లేస్తుంది అన్నాను. 'అది నా చేతిలో లేదు కోరిన్, ఆ గడి నలుపు' అంది. అని మెట్లెక్కడం మొదలెట్టింది, అందరికీ ఫోన్లు చేస్తానని. చెయ్యి పట్టుకున్నాను. వదలమంది. వదిలాను."

"వదిలారా? తోశారా?"

కోరిన్ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది.

"మారిట్‌ని ఎందుకు ఇరికించారు?"

"అది చిన్నది. తట్టుకుంటుందనుకున్నా." మూత బిగించి, "నేను తట్టుకోలేను," అంది.

టెలీన్ వెనక్కి వచ్చాడు. "ఆపారు. మారిట్ అని రాసేసిందట. ఇంటిపేరు రాస్తుండగా లాయరు కాగితం లాగేసుకున్నాడట." అతను వెర్నా కళ్ళలోకి చూడలేదు. "కాలియో గారూ, నేను ఆ గడిని ఒక్కసారి లాగి చూసుంటే..."

"ఇప్పుడు లాగావుగా. పద."

కోరిన్ లేవలేదు. ఆ కాగితం వైపే చూస్తోంది. "ఒక్క మాట చెప్పు తల్లీ. అక్టోబరు నుంచీ రాత్రుళ్ళు అదే ఆలోచన నాకు. ఆర్డిస్ ఆ గడిలో ఏం దాచింది?"

"ఏమీ దాచలేదు. అది క్లబ్బు మొత్తం. పది లక్షలు దాటింది. అంకె పెద్దదై గడి చాలలేదు, అంతే."

"అదా!" అంది కోరిన్. "ఆ సంగతి నాకు తెలుసు, ఇదే అదని తట్టలేదంతే. ఆ సాయంత్రమే కేకు ముక్క తెచ్చి, నా మంచం మీద కూర్చుని చెప్పింది. నా కంటికి కట్టుంది. దాని చెయ్యి పట్టుకుని ఇద్దరం ఏడ్చాం."

వెర్నా ఆవిడ భుజాల మీద కోటు సరిచేసింది. ఫ్లాస్కులో కాఫీ ఎవరూ పోసుకోలేదు. టెలీన్ ముందు నడిచాడు. మధ్యలో కోరిన్, వెనక వెర్నా. మొదటి మెట్టు దగ్గర ఆవిడ కాలు తడబడింది. వెర్నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. పెద్దవాళ్ళతో నడిచేటప్పుడు ఎప్పుడూ అనే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"మెట్లు జాగ్రత్త కోరిన్ గారూ."